డెల్టాలో కప్పులేని కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో రెండు సీట్ల ఓపెన్‌టాప్ కారు పెట్టుకుంటే పెట్రోల్ బంకులో ఆగినా, కాఫీ హోటల్ ముందు ఆగినా ఎవరో ఒకరు వచ్చి, వంగి లోపలికి చూసి అడగడం మామూలే. అడిగేవాళ్ళలో సగం మంది సరదాకి అడుగుతారు. మిగతా సగం మంది నిజంగానే కొనే ఆలోచనలో ఉంటారు. ఈ జవాబులు ఆ రెండో రకం వాళ్ళకి.

అసలు ఏ రకం కారు గురించి మాట్లాడుతున్నాం?

రెండే సీట్లు. పైన గుడ్డ కప్పు, కొన్నిటికి అదీ ఉండదు. ఏసీ, పవర్ స్టీరింగ్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. డిక్కీలో ఒక బ్యాగు పడితే గొప్ప. ఈ జాతికి మూలపురుషుడు లోటస్ సెవెన్. 1957లో ఇంగ్లండ్‌లో కోలిన్ చాప్‌మన్ తయారుచేశాడు. బిగించిన కారు కొంటే పన్ను పడుతుందని చాలామంది దాన్ని విడిభాగాలుగా కొనుక్కుని ఇంటి షెడ్డులో బిగించుకునేవారు. 1973 నుంచి దాన్ని కేటర్‌హామ్ కంపెనీ చేస్తోంది, ఇప్పటికీ ఆపలేదు. ఇంజను పెద్దది చేసే బదులు బరువు తగ్గించమన్నది చాప్‌మన్ సిద్ధాంతం. 2021లో వచ్చిన సెవెన్ 170లో ఉన్నది సుజుకి వారి 660 సీసీ ఇంజను, 84 హార్స్‌పవర్. కారు బరువు 440 కిలోలు. మన ఆల్టో దీనికన్నా చాలా బరువు.

ఆ తర్వాతి తరాల్లో 1989లో మాజ్డా ఎంఎక్స్-5, 1996లో లోటస్ ఎలీజ్ వచ్చాయి. మన దేశంలో ఈ కోవకి దగ్గరగా వచ్చింది సాన్ స్టార్మ్. గోవాలో తయారైంది. ఫైబర్ బాడీ, రెనో 1149 సీసీ ఇంజను, 60 హార్స్‌పవర్. ఆ అంకెలు చూసి నవ్వకండి, కారణం కింద చెబుతాను.

మన దగ్గర దొరుకుతాయా?

కొత్తది కావాలంటే దిగుమతే. సుంకాలన్నీ కలిపితే కారు ధరకి దాదాపు మరో కారు ధర తోడవుతుంది. విదేశాల్లో వాడిన పాత కారు తెప్పించుకుందామంటే మూడేళ్ళు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబయి రేవులోనే దింపాలి. ఇరవై ఏళ్ళ నాటి ఎలీజ్‌ని అబ్బాయి లండన్ నుంచి పంపిస్తాడన్న మాట అందుకే అయ్యే పని కాదు. విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించుకున్నా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది. రోడ్డెక్కే ప్రతి మోడల్‌కీ పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ ఆమోదం ఉండాలి, ఒక్క కారు కోసం ఆ తతంగం ఎవరూ పడలేరు.

మిగిలింది ఇండియాలోనే రిజిస్టరై ఉన్న పాత కారు. బెంగళూరు, గోవా, ముంబయి వైపు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. ఫోటో చూసి అడ్వాన్స్ పంపకండి. వెళ్ళి, కింద పడుకుని, చాసిస్ చూసి రండి. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంచుకుని ఇనుము మీద కొట్టి చూడండి. ఖణేల్‌మంటే మంచిది. దబ్‌మని మెత్తగా వినపడితే బేరం తగ్గించడం కాదు, అక్కణ్ణించి వచ్చెయ్యడమే. పైన రంగు ఎంత మెరిసినా లెక్కలోకి తీసుకోవద్దు. రంగుకి ఎవరైనా ఖర్చుపెడతారు.

పాత మారుతి 800 కప్పు కోయించేస్తే సరిపోదా? సగం ఖర్చులో అయిపోతుంది కదా?

సరిపోదు. ఆ కార్లకి వేరే చాసిస్ ఉండదు. నేల, స్తంభాలు, కప్పు అన్నీ కలిసే బరువు మోస్తాయి. కప్పు తీస్తే బండి నడుములో వంగుతుంది. మొదట తలుపులు సరిగ్గా పడవు, తర్వాత అద్దం పగులుతుంది. ప్రమాదం జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అలా మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్ళకి క్లెయిము తిప్పికొట్టడానికి ఇంతకంటే సాకు అక్కర్లేదు. ఊరేగింపులకి కోయించిన కార్లు మీరూ చూసే ఉంటారు. అవి ఊరేగింపుకే.

ఎంత స్పీడు పోద్దండీ?

అందరూ మొదట అడిగేది ఇదే, ఈ కారుకి అసలు పనికిరాని ప్రశ్నా ఇదే. డెల్టాలో రోడ్డు అంటే ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, మధ్యలో సింగిల్ తారు. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ప్రతి ఏడూ కాలవలోకి వెళ్ళిన కార్ల కబుర్లు వింటూనే ఉన్నాం. ఇక్కడ 200 హార్స్‌పవర్ కారు కొన్నవాడికి మూడో గేరు వాడే చోటు దొరకదు.

తేలిక కారు సంగతి వేరు. సీటు దాదాపు నేలకి ఆని ఉంటుంది, చెయ్యి కిందికి చాస్తే తారు అందేలా అనిపిస్తుంది, చెవి పక్కన గాలి. 50 మీద వెళ్తుంటే మామూలు కారులో 90 మీద వెళ్తున్నంత సందడి ఉంటుంది. స్టీరింగ్‌లో రోడ్డు మీది ప్రతి గులకరాయీ తెలుస్తుంది. వంపులో కారు పక్కకి వాలదు. గేదె ఎదురైతే తలెత్తి చూడాల్సివస్తుంది. ఊడ్పులైన చేను, రొయ్యల చెరువు మీది వాసన, ఎక్కడో బెల్లం కాస్తున్న పొగ, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ముక్కుకి తగులుతాయి. అందుకే నేననేది, ఈ కారుకి మన డెల్టాయే సరైన చోటు. చల్లాన్ పడే వేగం అక్కర్లేకుండానే దీని సంబరమంతా ఇక్కడ దొరుకుతుంది. 60 హార్స్‌పవర్‌కి నవ్వొద్దన్నది ఇందుకే.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మీరు అందర్నీ చూస్తారుగానీ లారీ డ్రైవరుకి మీరు కనపడరు. కొబ్బరి లారీ పక్కన ఎక్కువసేపు నడపకండి, దాని వెనక అసలు ఉండకండి. పొగ మొహంలోకే వస్తుంది, ఒక కాయ జారినా మీకూ దానికీ మధ్య ఏ రేకూ లేదు.

ఏ నెలల్లో తీయొచ్చు?

డిసెంబరు చివరి వారం నుంచి మార్చి సగం దాకా. అంతకుముందు తుఫాన్ల టెన్షన్, సార్వా కోతలు. తర్వాత ఎండ. రోహిణి కార్తెలో నల్ల సీటు మీద కూర్చుని చూడండి, కారు ఎందుకు కొన్నామా అనిపిస్తుంది. జూన్ నుంచి వాన. మిగతా నెలల్లో తీయకూడదని కాదు. తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరి ఎనిమిదికల్లా ఇల్లు చేరితే ఏప్రిల్ కూడా బాగుంటుంది. ధనుర్మాసపు మంచులో మాత్రం లైట్లు వేసుకుని ముప్ఫై దాటకుండా వెళ్ళండి. మంచు సరదాయేగానీ ఎదురుగా సైకిల్ మీద పాల క్యాన్లు వేసుకొచ్చే మనిషికి లైటుండదు.

భోగి నుంచి కనుమ దాకా షెడ్డులోనే. జగ్గన్నతోట ప్రభల తీర్థం రోజున అటువైపు రోడ్లమీద మనిషి నడవడానికే సందుండదు. చుట్టాల పిల్లలంతా ఒక్కసారి ఎక్కించమంటారు, రెండో సీటు ఒక్కటే.

ఏ రోడ్లు బాగుంటాయి?

నా ఓటు రావులపాలెం నుంచి ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక వెళ్ళే కాలవ రోడ్డుకి. నీళ్ళు పక్కనే వస్తుంటాయి, లొల్ల లాకుల దగ్గర ఆగడానికి చోటుంది, ఉదయం చెట్ల నీడ రోడ్డంతా పడుతుంది. శనివారం మాత్రం వద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో ఆ పక్క రోడ్లన్నీ నిండిపోతాయి. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కి ధవళేశ్వరం వైపు వెళ్తే రెండు పక్కలా గోదారి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటే ఇప్పటి బ్యారేజీ ఉంది. అక్కడ స్పీడుతో పనిలేదు, ఇరవై మీద వెళ్తే చాలు. వచ్చేటప్పుడు ఆత్రేయపురంలో పూతరేకులు కొంటే డబ్బాకి రబ్బరు బ్యాండు వేయించి సీటు కింద పెట్టండి. ఒడిలో పెట్టుకుంటే వెనక వచ్చేవాళ్ళకి పంచినట్టే.

రెండోది అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కి యానాం. ఇది 216 జాతీయ రహదారి, తారు బాగుంటుంది, వంతెన మీద గాలి బలంగా కొడుతుంది. పేరుకి మాత్రం లాంగ్ డ్రైవ్. లారీల మధ్య ఎక్కువసేపు ఉండటం నాకంత ఇష్టం ఉండదు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళేది మూడోది. వంతెన ఎక్కకుండా ఇవతలే అంతర్వేది దాకా కూడా వెళ్ళొచ్చు, బీచి ఇసుకలోకి మాత్రం దిగకండి. కింద నాలుగు వేళ్ళ ఎత్తున్న కారు ఇసుకలో కూర్చుంటే ట్రాక్టరు రావాల్సిందే.

రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు కదా?

కోతల కాలంలో సగం రోడ్డు కళ్ళమే. రైతుకి ఆ రోజు ఎండ ఎంత విలువైనదో తెలిసినవాడు దాని మీదుగా పోనివ్వడు. పైగా వడ్ల మీద బ్రేకు వేస్తే తేలిక కారు ఆగదు, జారుతుంది. చేపల లారీలు నీళ్ళు కార్చిన చోటా అంతే. గడ్డి మీద ఆపడం ఇంకా ప్రమాదం. సైలెన్సరు వేడికి ఎండుగడ్డి అంటుకుంటుంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి? నది దాటించే పంటు ఎక్కించొచ్చా?

మన ఊళ్ళలో స్పీడ్ బ్రేకరు ఎవరింటి ముందు వాళ్ళు కట్టుకున్నట్టు ఉంటుంది. నేరుగా ఎక్కితే మధ్యలో పొట్ట ఆనుతుంది. వీలైనంత ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా పోనివ్వాలి. వెనకవాళ్ళు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. పక్కన మనిషి దిగితే మరో వేలెడు ఎత్తు వస్తుంది, సిగ్గుపడకుండా దింపండి.

సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు మీద కార్లు ఎక్కిస్తారు. నీటిమట్టాన్ని బట్టి రేవు వాలు రోజుకోలా ఉంటుంది. ముందు బంపరు పలక అంచుకి తగిలేట్టుంటే పంటు మనుషులే చెక్కలు వేసి సాయం చేస్తారు. వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి, మనకి తెలిసిందేమీ ఉండదు అక్కడ.

వానొస్తే ఏం చేస్తారు?

తడుస్తాం. ఏ గుడ్డ కప్పయినా ఎక్కడో ఒకచోట కారుతుంది, ఎక్కువగా అద్దం పై అంచు దగ్గర, సరిగ్గా మోకాలి మీద. కప్పు వెయ్యడం ఇంట్లో ఎండ పూటే పదిసార్లు సాధన చెయ్యండి. చినుకు మొదలయ్యాక పుస్తకం చూసి నేర్చుకోలేరు. ఆగకుండా వెళ్తుంటే చిన్న చినుకులు అద్దం మీదుగా తల పైనుంచి పోతాయి, ఆగితేనే తడుస్తారు. అందుకని వానలో రైలు గేటు పడితే అంతకన్నా నరకం లేదు.

నేల మీది కార్పెట్ మొదటిరోజే తీసి అవతల పడెయ్యండి. రబ్బరు మ్యాట్ చాలు. నేలలో నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి, ఆకులు అడ్డుపడకుండా తీగతో పొడుస్తూ ఉండాలి.

ఉప్పుగాలికి తుప్పు పట్టదా?

పడుతుంది. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో, ఉప్పునీటి రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఇళ్ళలో మరీను. బాడీ ఫైబరైనా చాసిస్, సస్పెన్షన్, బ్రేకు పైపులు ఇనుమే. బీచి వైపు వెళ్ళొచ్చిన రోజే మంచినీళ్ళతో అడుగు భాగం కడగాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కడిగి లాభం లేదు, కాలవ నీళ్ళు నయం. ఏడాదికోసారి, వానలకి ముందు, అడుగున యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టించండి. వైరింగ్ జాయింట్ల దగ్గర కాస్త గ్రీజు. సగం రిపేర్లు ఇంజనువి కావు, ఎర్తు సరిగ్గా అందకపోవడంవల్ల వచ్చేవే. సెల్ఫ్ కొట్టకపోతే బ్యాటరీ కొనేముందు ఆ ఎర్తు వైరు నట్టు విప్పి గరుకు కాగితంతో రుద్ది చూడండి.

ఫైబర్ బాడీ పగిలితే ఎవరు బాగుచేస్తారు? టింకరింగ్ వాళ్ళు మాకు రాదంటున్నారు.

వాళ్ళు నిజమే చెప్పారు. రేకు కొట్టేవాళ్ళ దగ్గరికి కాదు, పడవలు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. కాకినాడ నుంచి అంతర్వేది దాకా తీరంలో చేపల వేటకి వెళ్ళే ఫైబర్ పడవలు బోలెడు. అలల దెబ్బకి పగిలిన పడవని బాగుచేసే మనిషికి కారు బంపరు ఒక లెక్క కాదు.

నా కారు ముందు మూలన వచ్చిన పగులు అలాంటి మనిషే అతికాడు. ముందు గ్రైండరుతో పగులు పొడవునా వీ ఆకారంలో గాడి తీశాడు. కనపడే పగులు కన్నా రెండు అంగుళాలు ముందుకి వెళ్ళాడు, ఎందుకంటే లోపల అది అప్పటికే పాకి ఉంటుందట. అసిటోన్ గుడ్డతో తుడిచాడు. ప్లాస్టిక్ మగ్గులో రెజిన్ పోసి సీసా మూతతో హార్డెనర్ కొలిచి కలిపాడు. ఫైబర్ మ్యాట్‌ని కత్తెరతో కత్తిరించలేదు, చేత్తో చింపాడు. చింపిన అంచులో పోగులు విడిపోయి పాతదాంట్లో కలిసిపోతాయి, కత్తిరించిన అంచు రంగు వేశాక కూడా గీతలా కనపడుతుంది. తర్వాత బ్రష్‌తో రుద్దకుండా పొడుస్తూ ఒక్కో గాలి బుడగనీ బయటికి తరిమాడు. వెనక వైపునుంచి కూడా ఒక పొర వేశాడు. కాసేపటికి మగ్గులో మిగిలిన రెజిన్ వేడెక్కి గట్టిపడిపోయింది. ముసురు పట్టిన రోజు ఈ పని చెయ్యనన్నాడు. తేమలో సరిగ్గా ఆరదు, తెల్లగా పాలిపోతుంది. రంగు మాత్రం కార్ల పెయింటరు చేతే వేయించండి. పడవవాళ్ళ రంగులు చూడముచ్చటగా ఉంటాయిగానీ కారుకి మరీ ఎక్కువ.

మెకానిక్ దొరుకుతాడా? స్పేర్లు?

ఈ కార్ల మంచితనం ఇక్కడే ఉంది. ఇంజను ఎప్పుడూ ఏదో మామూలు చిన్న కారుదే అయివుంటుంది. స్టార్మ్‌లో ఉన్న రెనో ఇంజనునే యూరప్‌లో ట్వింగో, క్లియో కార్లలో వాడారు, కాబట్టి భాగాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బేరింగులు, సీళ్ళు, బెల్టులు సైజు నంబరు చూసి రాజమండ్రిలోనో విజయవాడలోనో పట్టుకోవచ్చు. దొరకనివి అద్దం, లైట్లు, కప్పు గుడ్డ. కప్పు గుడ్డని జీపుల టాపు కుట్టేవాళ్ళు కుట్టి ఇస్తారు. ముందద్దం దొరికినప్పుడు ఒకటి కొని అటక మీద దాచెయ్యండి.

మెకానిక్ విషయంలో పెద్ద షోరూమ్ వద్దు. పాత అంబాసిడర్లు, జీపులు చేసిన వయసు మళ్ళిన మేస్త్రీని పట్టుకోండి. స్కానర్ పెట్టకుండా చెవితో విని చెప్పేవాడు కావాలి.

వారానికోసారి తీస్తే పాడవదా? ఈ కొత్త పెట్రోలు మంచిదేనా?

వారానికోసారి తీస్తే పాడవదు, నెలల తరబడి తీయకపోతే పాడవుతుంది. 2025 నుంచి బంకుల్లో మామూలుగా వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. మన గాలిలో తేమకి కొదవలేదు. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకం వేయించండి, ఇది వెంటనే చెయ్యాల్సిన పని. పైపు పగిలి వేడి ఇంజను మీద కారితే మంటే. వానాకాలం నిలిపేటప్పుడు ట్యాంకులో ఖాళీ ఎక్కువ ఉంచకండి. బ్రేకు ఆయిల్ కూడా తేమ పీల్చేదే, రెండేళ్ళకోసారి మార్చాలి. టైర్లు అరగకుండానే ముసలివవుతాయి. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్ళు దాటితే గీతలు ఎంత లోతున్నా మార్చెయ్యండి.

ఎక్కడ పెట్టాలి?

కొబ్బరిచెట్టు కింద తప్ప ఎక్కడైనా. కాయలే కాదు, ఎండు మట్ట పడినా గుడ్డ కప్పు చిరుగుతుంది. నాలుగు గోడల షెడ్డు మంచిది, సిమెంటు నేల ఉంటే ఇంకా మంచిది. మట్టినేల అయితే కింద తేమ లేస్తుంది. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపల చెమట పట్టి బూజు వస్తుంది, నూలు గుడ్డ కవరు వెయ్యండి. ఎలుకలు, పందికొక్కులు వైర్లు కొరుకుతాయి. పక్కనే వడ్ల బస్తాలు ఉన్న షెడ్డులో పెడితే ఇక మీ ఇష్టం. ఏటిగట్టు లోపలి లంకల్లో ఇల్లుంటే జూలైలోనే గట్టు ఇవతల తెలిసినవాళ్ళింట్లో పెట్టెయ్యండి. 2022 జూలైలో వచ్చిన వరద గుర్తుందిగా.

ఇంట్లోవాళ్ళు ఏమంటారు?

మా మావగారు ఇప్పటికీ ఈ డబ్బుతో అరెకరం చెరువు లీజుకి వచ్చేదంటారు. మామ్మ ఒక్కసారే ఎక్కింది. ఎక్కడం బానే ఎక్కిందిగానీ దింపడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. "ఇది కారేంట్రా, పీట!" అంది. జడలో పూలు నిలవవు, చీర కొంగు గట్టిగా దోపుకోవాలి, జుట్టుకి స్కార్ఫ్ తప్పదు. ఇద్దరు పిల్లలున్నవాళ్ళు ఒకర్ని తీసుకెళ్తే రెండోవాళ్ళతో గొడవ. ముందు ఇంట్లో మామూలు కారు ఒకటి ఉండి తీరాలి. ఇదే ఏకైక కారుగా కొనేవాళ్ళకి నా సలహా, కొనొద్దు.

పెళ్ళికి ఇస్తారా?

ఇవ్వనండి. ఎన్నికల ప్రచారానికీ ఇవ్వను.

మైలేజీ?

తేలిక కాబట్టి బానే ఇస్తుంది, లీటరుకి పదిహేను చుట్టుపక్కల. వారానికి ఒక్క పూట తీసే బండికి ఆ లెక్క ఎందుకో నాకు అర్థం కాదు.

దీని బదులు జిప్సీయో థారో కొంటే నయం కదా?

చాలామందికి నయమే. గుడ్డ కప్పు జిప్సీకి ఎత్తుంది, నలుగురు పడతారు, గతుకులకి భయం లేదు, స్పేర్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. గట్ల మీద చేల దాకా వెళ్ళే పని ఉంటే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి. కాకపోతే ఎత్తులో కూర్చుని చూడటం వేరు, నేలని ఆనుకుని పోవడం వేరు. వంపు తిప్పేటప్పుడు వచ్చే ఆ ఆనందం జీపు జాతిలో లేదు. రెండూ ఒకేరోజు నడిపి చూసి తేల్చుకోండి.

కాగితాలు ఏం కావాలి?

పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ పన్ను, కొత్త నంబరు. అమ్మేవాడు ఎన్‌ఓసీ తర్వాత పంపిస్తానంటే డబ్బులూ తర్వాతే ఇవ్వండి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోలుతున్నాయో లేదో మీ కళ్ళతో చూడండి. పదిహేనేళ్ళు దాటితే ఐదేసి ఏళ్ళకి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి దానికి మామూలు కారుకి 5,000, దిగుమతి కారుకి 40,000 రూపాయలు. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. ఇన్సూరెన్స్‌లో ఐదేళ్ళు దాటిన కారు విలువని మీరూ కంపెనీ మాట్లాడుకుని వేసుకోవచ్చు, అందుకని బిల్లులూ ఫోటోలూ దగ్గర పెట్టుకుని అడగండి. అడక్కపోతే తుక్కు ధరే రాస్తారు.

అమ్మాలంటే కొనేవాళ్ళుంటారా?

మన జిల్లాల్లో చూసేవాళ్ళే ఎక్కువ. కొనేవాడు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వస్తాడు, ఆరు నెలలు పట్టినా తొందరపడకండి. ఒరిజినల్ స్టీరింగ్, చక్రాలు, సీట్లు మార్చి ఉంటే పాతవి పారెయ్యకుండా కారుతోపాటే ఇవ్వండి, ధరలో ఆ తేడా కచ్చితంగా కనపడుతుంది. టెస్ట్ డ్రైవ్‌కి స్పీడ్ బ్రేకర్లు లేని రోడ్డు చూసి తీసుకెళ్ళండి.